కోరానికి ఒక్కరు తక్కువ

"ఆ ఉత్తరం వాపసు తీసుకున్న," అన్నాడు బలరాం, ఇడ్లీ తుంచి చట్నీలో ముంచుతూ.

సువర్ణ చట్నీ గిన్నె బల్ల మీద పెట్టింది. ఏ ఉత్తరమని అడగాల్సిన పని లేదు. వనశ్రీ కాలనీ సంఘంలో ఇంటికి ఒక్కరే సభ్యులు, ఈ ఇంటికి బలరాం. మీటింగుల చుట్టూ తిరిగే ఓపిక తనకు లేదని, తన బదులు తన భార్య సంతకం చెల్లుతుందని రెండేళ్ల కింద అతనే రాసిచ్చాడు. ఆ కాగితం చూసుకునే ఆమె సంఘానికి కార్యదర్శి అయింది.

"ఎప్పుడు తీసుకున్నవ్?"

"పొద్దుగాల. వాకింగ్‌ల వెంకటనారాయణ సారు కలిసిండు. కాగితం మీద రాసే ఇచ్చిన."

"పదకొండు గంటలకు మీటింగ్ పెట్టుకుంటే, పొద్దుగాల ఇచ్చినవా?"

బలరాం ఇంకో ఇడ్లీ తుంచాడు. బడిపంతులు కదా, పిల్లలు తప్పు చదివితే ఎంత ఓపికగా వింటాడో పెళ్లాం అడిగేదీ అంత ఓపికగానే వింటాడు. ఆ ఓపిక చూస్తేనే సువర్ణకు ఒళ్లు మండుతుంది. అరిచే మొగుడైతే తిరిగి అరవొచ్చు. ఇతన్ని ఏం చేయాలి?

మీటింగులో తేలాల్సింది ఒకే ఒక్క విషయం, కాలనీ వెనక గేటుకున్న తాళం. ఆ గేటు అవతల అర కిలోమీటరు పోతే అడవి అంచున మద్దిగుంపు, పాతిక కోయ ఇళ్ల పల్లె. కాలనీ పుట్టకముందు నుంచీ వాళ్ల బండ్ల బాట ఇటే. తనదీ కలిపి రెండు బైకులు పోయాయని నిరుడు బలరామే నలుగురినీ కూడగట్టి ఆ బాటకు అడ్డంగా ఇనుప గేటు పెట్టించాడు. పక్కనున్న చిన్న తలుపులోంచి మనుషులు నడిచి రావచ్చు. బండి రావాలంటే మాత్రం తాళం తీయాలి. తాళం చెవి అధ్యక్షుడు వెంకటనారాయణ దగ్గర ఉంటుంది. పోయిన నెల గుంపులో రామన్నను పాము కరిచిన రోజు ఆయన సత్తుపల్లిలో పెళ్లికి పోయాడు. 108 బండి గేటుకు ఇవతలే నిలబడిపోయింది. రామన్నను మంచం మీద వేసుకొస్తే ఆ మంచం చిన్న తలుపులో పట్టలేదు. చివరికి మనిషిని చేతుల మీద ఎత్తుకొచ్చారు. ప్రాణం దక్కింది గానీ కాలు ఇంకా మానలేదు.

ఇప్పుడు ఆ రామన్న కోడలు యశోదకు నెలలు నిండాయి. సువర్ణ ఏఎన్ఎం. ఆ పిల్ల కార్డు మీద కాన్పు తేదీ రాసింది తనే. గుంపుకున్న రెండో దారి వాగు మీది చప్టా. శ్రావణ మాసంలో ఆ చప్టాను నమ్ముకోవడానికి లేదు, పైన అడవిలో ఒక గంట వాన కొడితే చాలు మునిగిపోతుంది.

"యశోదకు పన్నెండు రోజులే ఉన్నయ్," అంది సువర్ణ. "చప్టా మునిగితే ఆ పిల్లను ఎట్ల తెస్తరు?"

"సారుకు ఫోన్ చేస్తే తాళం తీస్తడు."

"రామన్నకు తీసిండా?"

బలరాం మంచినీళ్లు తాగాడు.

"అసలు ఆ తాళం తీస్తే నీకేమైతది? నాకు గదొక్కటి చెప్పు."

బలరాం తలెత్తాడు. "పెట్టించింది నేను సువర్ణా. నా గేటును నా పెళ్లామే తీయించిందంటే స్కూల్ల, తండాల మొఖం ఏడ పెట్టుకోవాలె?"

అదీ సంగతి. దొంగలూ కాదు, బైకులూ కాదు. అతను ప్లేట్లోనే చేయి కడుక్కుని లేచాడు. ఆ అలవాటు ఆమెకు గిట్టదని పదహారేళ్లుగా అతనికి తెలుసు.

*

కాలనీలో ముప్పై ఇళ్లు. పదిహేను మంది కూర్చుంటే తప్ప సభ కాదు, అదే కోరం. వారం రోజులుగా సువర్ణ వేళ్ల మీద లెక్కపెట్టుకున్న పదిహేను మందిలో తనూ ఒకతి. ఇప్పుడు తను కార్యదర్శి కుర్చీలో కూర్చోవచ్చు, మినిట్స్ పుస్తకం రాయొచ్చు, అందరికీ చాయ్ పోయొచ్చు. లెక్కలోకి మాత్రం రాదు.

శ్రావణంలో మీటింగు పెట్టడమే తప్పంది పక్కింటి ప్రమీల. నిజమే. కాలనీలో సగానికి పైగా లంబాడీ కుటుంబాలు. వాళ్లవి నాలుగైదు తండాలు. తీజ్ పండుగ అన్ని తండాలకూ ఒకే రోజు రాదు. ఏ తండా నాయక్ ఏ రోజు చెబితే ఆ రోజు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లుతారు, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు, ఆ తర్వాత వాగులో కలుపుతారు. ఈ ఆదివారం ఒక తండా ఖాళీ అయితే వచ్చే ఆదివారం ఇంకో తండా ఇటు రాదు. సువర్ణ అందరినీ అడిగి, ఎక్కువ మందికి కుదిరే తేదీ పట్టుకుంది. తమ తండాలో బుట్టలు కలిపేది వచ్చే శనివారం. కూతురు నందినికి ఇది మొదటి తీజ్. ఆ పిల్ల నాలుగు రోజుల కిందటే కారేపల్లి దగ్గరి తండాకు, నానమ్మ మోతీ దగ్గరికి పోయింది. కాబట్టి ఈ ఆదివారం ఏ అడ్డూ లేదనుకుంది.

అడ్డు పండుగలది కాదని పదకొండు గంటలకల్లా అర్థమైంది. గేటు తాళం తీయొద్దని మొహం మీద చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆ ఏఎన్ఎం చేతుల మీదనే తమ పిల్లలు సూదులు వేయించుకున్నారాయె. అందుకని రాకుండా ఉండటం నేర్చుకున్నారు.

హాతీరాం ఇంటికి తాళం. తాళం వేసి ఉంది గానీ లోపల కుక్కర్ కూత పెడుతోంది. ఆ పక్కింటి రామ్‌సింగ్ స్నానం చేస్తున్నాడని భార్య గడపలోనే చెప్పింది. పది నిమిషాల తర్వాత మళ్లీ పోతే ఇంకా స్నానమే. "గింత సేపేంది వదినా, గోదారి పుష్కరమా?" అని సువర్ణ అడిగితే ఆమె నవ్వాపుకోలేక తలుపు దగ్గరగా వేసింది. లోపలి గదిలోంచి క్రికెట్ కామెంటరీ, దాని మీద రామ్‌సింగ్ ఈల శుభ్రంగా వినిపించాయి.

సువర్ణకు ఏడుపొచ్చింది. రోడ్డు మీద ఏడిస్తే బాగుండదని నడిచింది.

కమ్యూనిటీ హాల్లో ఫ్యాన్ కింద పదముగ్గురు కూర్చుని ఉన్నారు. కరెంటు లైన్‌మన్ కోటేష్ బైక్ బయట నిలబెట్టి పద్నాలుగోవాడుగా లోపలికొచ్చాడు. అతని భార్య తరఫు తండాలో ఇవాళే తీజ్. హెల్మెట్ ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. భార్య రెండు సంచులతో బైక్ పక్కన ఎండలో నిలబడింది, మూడు నిమిషాలకోసారి హారన్ కొడుతోంది.

"ఎంత సేపైతది అక్కా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

ఒక్కరు రావాలన్నాడు వెంకటనారాయణ, ఆ మాట విని. ఆయన రిటైరైన ఆఫీసు సూపరింటెండెంటు. నియమం పక్కకు జరగదు, ఆయనా జరగడు. పదకొండున్నర దాకా చూద్దామని గోడ గడియారం వైపు కుర్చీ తిప్పుకున్నాడు.

హాలు మెట్ల మీద రామన్న భార్య జంపక్క కూర్చుని ఉంది. లోపలికి రమ్మని ప్రమీల రెండుసార్లు పిలిచింది. ఆమె రాలేదు. వచ్చే ప్రతి చెప్పుల జతనూ చూస్తోంది.

ఇంకో పదమూడు నిమిషాలున్నాయి. సువర్ణ ఇంటికి పరుగెత్తింది.

*

బలరాం వాకిట్లో బైక్ తుడుస్తున్నాడు. గేటు పెట్టాక కొన్న బైకు. పోయినదానికంటే దీన్నే ఎక్కువ తుడుస్తాడు.

"పద్నాలుగు మంది ఉన్నరు," అంది ఆయాసపడుతూ.

అతను బట్ట తడిపాడు.

"నాకు ఉత్తరం ఇయ్యకు. నాకు ఓటొద్దు. నువ్వే రా. వచ్చి గేటుకు తాళం ఉండాలె అని చెయ్యెత్తు, నేను ఒక్క మాట అనను. ఊరికే వచ్చి కూసో. నువ్వు కూసుంటే సభ అయితది."

హ్యాండిల్ తుడిచాడు, అద్దం తుడిచాడు. సువర్ణ నిలబడే ఉంది. జీవితంలో ఎన్నడూ ఈ మనిషిని బతిమాలలేదు. తమ్ముడి చదువుకూ అడగలేదు, అమ్మ ఆపరేషన్‌కూ అడగలేదు. ఒక తాళం కప్ప కోసం బతిమాలుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా కదల్లేదు.

బలరాం బట్ట పిండి తీగ మీద ఆరేశాడు. లోపలికి పోయి చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"నడు," అన్నాడు.

ఆ ఒక్క మాటకు సువర్ణ ప్రాణం లేచొచ్చింది. దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడలేదు. అతని పక్కన అడుగు కలిపి నడుస్తూ, పొద్దున్నుంచీ మనసులో తిట్టుకున్న తిట్లన్నీ ఆమె ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంది.

హాలు వరండా దాకా వచ్చి బలరాం ఆగాడు. ఫోన్ తీసి చూసుకుంటూ స్తంభానికి ఆనుకున్నాడు. లోపల పద్నాలుగు తలలు అటు తిరిగాయి. ప్రమీల రిజిస్టరు, పెన్ను పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"బలరాం గారూ, లోపలికొస్తే సభ మొదలెట్టేద్దాం," అన్నాడు వెంకటనారాయణ.

"నేను ఊకెనే వచ్చిన సార్. మీరు కానియ్యండి."

సువర్ణ అతని మొహంలోకి చూసింది. అతను ఫోన్లోకి చూస్తున్నాడు. గుమ్మానికి బెత్తెడు దూరంలో అతని చెప్పులున్నాయి. ఆ బెత్తెడు దాటితే చాలు. లోపల ఎవరో పెద్దాయన, ఏంది పంతులూ చిన్నపిల్లల ఆట అన్నాడు. ఇంకెవరో నవ్వారు. బయట కోటేష్ భార్య హారన్ మీద నుంచి చేయి తీయడం మానేసింది. గడియారం ముల్లు ఆరు మీదికొచ్చింది.

కోరం లేదని వెంకటనారాయణ ప్రకటించాడు. తర్వాత బైలా పుస్తకం తెరిచి కళ్లజోడు సర్దుకున్నాడు. అది హైదరాబాదులో ఏదో అపార్ట్‌మెంటు బైలాకు జిరాక్సు. లిఫ్టు, ఈతకొలను నియమాలు కూడా అందులో భద్రంగా ఉన్నాయి. కాలనీలో లిఫ్టూ లేదు, కొలనూ లేదు, ఆ పుస్తకం పూర్తిగా చదివినవాళ్లూ లేరు. కార్యదర్శి కూడా చదవలేదు.

"పద్నాలుగో నియమం ఏమంటుందంటే," అని ఆయన చదివాడు. "అరగంటలో కోరం కాకపోతే సభ మరుసటి వారం అదే రోజుకు, అదే సమయానికి వాయిదా పడుతుంది. ఆ వాయిదా సభకు కోరంతో పనిలేదు. వచ్చినవాళ్లు ఎందరైతే అందరే కోరం. వాళ్లు చేసిందే తీర్మానం. ఆ తర్వాత ఏడాది దాకా ఆ విషయం మళ్లీ ఎత్తకూడదు."

సువర్ణకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో కూలబడింది. ఇంటింటికీ తిరిగి గడపగడపకూ దండం పెట్టాల్సిన పని లేదన్నమాట. ఈ పద్నాలుగు మంది వస్తే చాలు, రామ్‌సింగ్ స్నానం చేస్తే చేసుకోనీ. వచ్చే ఆదివారం తాళం ఊడినట్టే. ప్రమీల ఆమె భుజం నొక్కి, పిచ్చిదానా ముందే చదువుకోవద్దా అంది.

మెట్ల మీద జంపక్క లేచి నిలబడింది. "ఇయ్యాల కాలేదా అమ్మా?"

"వచ్చే ఆదివారం పక్కా, జంపక్కా," అంది సువర్ణ. ఆమె చేయి పట్టుకుని మరీ చెప్పింది. "నా మాట. ఆదివారం పొద్దుగూకేలోపల గేటు తీసి ఉంటది."

జంపక్క తలూపి చిన్న తలుపు వైపు నడిచింది. స్తంభానికి ఆనుకున్న బలరాం అప్పుడే ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

*

మధ్యాహ్నం కారేపల్లి నుంచి మోతీ వచ్చింది. కొత్తగూడెంలో బస్సు మారి, చండ్రుగొండలో దిగి, ఆటోలో. మనుమరాలి అద్దాల లంగా కోసం వచ్చింది. మూడు నెలలు కూర్చుని ఆమే కుట్టిన లంగా. నందిని పోతూ పోతూ ఇక్కడే మరిచిపోయింది.

"బిడ్డ ఎట్లుంది అత్తమ్మా?"

మొలకలు అప్పుడే తలెత్తాయట, మిగతా పిల్లల బుట్టలకంటే తన బుట్టే పచ్చగా ఉందని నందిని నిద్ర కూడా పోవడం లేదట. మోతీ నవ్వుతూ చెబుతుంటే సువర్ణకు పొద్దుటి నుంచీ మొదటిసారి నవ్వొచ్చింది. అన్నం వడ్డించింది. బలరాం వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"శనివారం మబ్బులనే, తెల్లారకముందే వస్త," అంది సువర్ణ. "లీవు పెట్టిన."

"శనివారం కాదు బిడ్డా, ఆదివారం. ఒక రోజు జరిపిన్రు. ఇయ్యాల పొద్దుగాలనే చాటింపేసిన్రు."

సువర్ణ చేతిలోని చారు గిన్నె అలాగే ఉండిపోయింది.

"నౌకర్లు చేసేటోళ్లందరు రావాలె గద. శనివారమైతే ఎవ్వరికీ సెలవు లేదాయె," అంది మోతీ, కొడుకు వీపు నిమురుతూ. "రూప్లా నాయక్ ముందు ఒప్పుకోలే. తొమ్మిది రోజులంటే తొమ్మిది రోజులే అన్నడు. మన బలరామే గురువారం వచ్చి, అందరి తరఫున కూసోని ఒప్పించిండు. తండా అంతా వీన్నే మెచ్చుకుంటున్నరు."

బలరాం చారు కోసం కంచం ముందుకు జరిపాడు.

సువర్ణ గిన్నె కింద పెట్టింది. తొందరేమీ లేనట్టు ఒక్కొక్కటే పేర్చుకుంది. ఆ పద్నాలుగు మందిలో ఆరుగురు తమ తండావాళ్లే. ఆదివారం ఆ ఆరుగురూ ఉండరు, మొహం చూసి మొహమాటపడటానికి తనూ ఉండదు. కోరంతో పనిలేదు కాబట్టి ఇవాళ దాక్కున్నవాళ్లంతా వచ్చే వారం ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వస్తారు. ఏడాది దాకా ఆ గేటు మాట ఎత్తకుండా తీర్మానం చేసి పోతారు. పొద్దున బలరాం వరండా దాకా ఎందుకొచ్చాడో ఇప్పుడు తెలిసింది. వాయిదా పడిందన్న మాట చెవులారా వినడానికి వచ్చాడు.

"ఆ పద్నాలుగో నియమం నీకు ముందే ఎరుకా?"

"ఆ పుస్తకం కాపీ ఒకటి మనింట్లనే ఉంటది గద," అన్నాడు బలరాం. "నేను చదువుకున్న."

"బిడ్డ పండుగను జరిపినవా, గేటు కోసం?"

"నలుగురి కోసం అడిగిన. ఎవల్నన్న అడుగు, తప్పంటరేమో." అన్నం కలుపుకున్నాడు. "మొదటి తీజ్‌కు బుట్ట తల్లే ఎత్తాలె, మా తండాల గదే ఆచారం. నువ్వు ఈడనే ఉంటనంటే ఉండు. ఉండి ఏం జేస్తవ్? నీకు ఓటు లేదు."

ఆ మాట నిజం. అందుకే అంతగా తగిలింది. కూతురి తలమీద బుట్ట వదులుకుని ఇక్కడ కూర్చున్నా, తాళం ఉండాలన్న తీర్మానాన్ని తన చేత్తో పుస్తకంలో రాయడం తప్ప ఏమీ చేయలేదు. మరి జంపక్క చేయి పట్టుకుని అన్ని మాటలు ఎందుకు చెప్పింది? సువర్ణ గోడకు ఆనుకుని ఏడ్చింది. అత్త ముందు ఏడవకూడదని కూడా అనిపించలేదు.

మోతీకి ఇదంతా తెలియదు. ఏ గేటు, ఎవరి గేటు అని అడిగింది. సువర్ణ చెప్పింది. పాము కరిచిన రామన్న, తలుపులో పట్టని మంచం, నెలలు నిండిన యశోద, ఉత్తరం, అన్నీ చెప్పింది. మోతీ అన్నం కలిపిన చేయి అలాగే పెట్టుకుని వింది. మధ్యలో బలరాం ఏదో చెప్పబోతే కళ్లతోనే ఆపింది.

తర్వాత సువర్ణ వైపు తిరిగి అడిగింది.

"కాగితం ఎవరి పేర ఉంటే ఆళ్లదేనా ఓటు?"

"అవ్ అత్తమ్మా. ఇంటి కాగితం ఎవరి పేర ఉంటే ఆళ్లే సభ్యులు."

"ఈ జాగ కొన్ననాడు నా వెండి కడియాలు అమ్మిన్రు. నీ వెండితోని కొన్నది నీ పేరనే ఉండాలె అన్నడు మీ మామ. రిజిస్టర్ ఆఫీసుల నా ఫోటో దింపిన్రు, నా వేళ్లు ఒత్తించుకున్నరు." మోతీ కొడుకు వైపు తిరిగింది. "మరి నువ్వెట్ల సభ్యునివైనవ్ రా?"

బలరాం ముద్ద కంచంలోనే వదిలి మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

సువర్ణకు సంఘం మొదలైన రోజు గుర్తొచ్చింది. వెంకటనారాయణ ఒక్కో ఇంటి ముందు ఆగి, ఇది ఎవరిల్లు అని అడిగాడు. ఇది బలరాందనీ, ఇది హాతీరాందనీ వీధిలో ఉన్నవాళ్లు చెప్పారు. ఆయన రాసుకున్నాడు. కాగితం చూపించమని ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు. ఆ రోజు పెన్ను అందించింది తనే.

మోతీ లేచి చేయి కడుక్కుంది. పెట్టె మీదున్న అద్దాల లంగా తెచ్చి సువర్ణ ఒళ్లో పెట్టింది.

"ఇది నువ్వే తీస్కపో. బిడ్డకు నువ్వే కట్టు, బుట్ట నువ్వే ఎత్తు. ఆదివారం నాడు ఆ మీటింగ్‌ల నేను కూసుంట. నా మొఖం మీద తాళం ఉండాలె అనేటోడు ఎవడో చూస్త."

"యాడీ," అని తల్లిని పిలిచాడు బలరాం. "తీజ్ నాడు నువ్వు తండాల లేకుంటే ఎట్ల? నలభై ఏండ్లుగ పాట ఎత్తుకునేదే నువ్వు. నాయక్ అడగడా?"

"అడుగుతడు," అంది మోతీ. "మీ యాడి ఏది రా అని నిన్నే అడుగుతడు. నువ్వే చెప్పు."

బలరాం కంచం ముందు నుంచి లేచి వరండాలోకి పోయాడు. ఈసారి చేయి కూడా కడుక్కోలేదు. ఎడమ చేత్తో ఫోన్ తీసి నంబరు నొక్కడం కిటికీలోంచి సువర్ణకు కనిపించింది. స్పీకర్లో రూప్లా నాయక్ గొంతు, "చెప్పు పంతులూ, ఏంది సంగతి?" అంది. తల్లి తీజ్‌కు ఉండాలంటే పండుగను మళ్లీ శనివారానికి జరపమని అడగాలి. ఎందుకో చెప్పాలి.

నాయక్ రెండోసారి అడిగాడు, మూడోసారి అడిగాడు. బలరాం ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.